మూడు వేళ్ల వదులు

ఫ్లింట్, మిషిగన్
ఏప్రిల్ 9, 1972, ఆదివారం

అన్నయ్యా,

అన్యాయం జరిగింది. చేసినవాడు పరాయివాడు కాదు, అమ్మకి సొంత తమ్ముడు హోబర్ట్ మామయ్య. నీ కారుని నీకు తెలియకుండా అమ్మేస్తున్నాడు.

నిన్న అమ్మ బట్టల తొట్టి తెమ్మంటే మామయ్య షెడ్డుకి వెళ్లాను. నీ బండి మూతి వీధివైపు, వెనక భాగం గోడవైపు పెట్టి ఉంది. తొట్టి ఆ గోడ దగ్గరే. పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి ఆ సందులోకి దూరితే వెనక అద్దంలో అట్ట కనిపించింది. "అమ్మబడును." మామయ్య చేతిరాతే. వీధిలో ఎవరికీ కనపడకుండా గోడకి అభిముఖంగా పెట్టాడు! ఎంత దొంగచాటు పనో చూడు.

మిస్ బ్యూలాని అన్నయ్యా! పోతపోసే కొలిమి దగ్గర రెండేళ్లు ఒళ్లు కాల్చుకుని కొన్న బండిని. ఆలస్యంగా వచ్చిన పిల్లల మీద సండే స్కూల్లో గుర్రుమనే బ్యూలా టీచరమ్మ పేరు దానికి నువ్వే పెట్టావు. నువ్వు సైన్యానికి వెళ్లిననాటి నుంచి వారానికోసారి నేనే స్టార్ట్ చేసి గుర్రుమనిపిస్తున్నాను.

అట్ట పీకి పట్టుకెళ్లి మామయ్య ముందు నిలబడ్డాను.

"ఎవరిదీ బండి?" అన్నాను.

"వెండెల్‌ది."

"మరి అమ్మడానికి నువ్వెవరు?"

"సూపు తాగుతావా? వేడిగా ఉంది."

"మాట మార్చకు మామయ్యా!"

ఆయన చేతులు తుడుచుకున్నాడు. "క్లచ్చు ఎడమకాలితో తొక్కాలి కదే జూనీ" అన్నాడు. అంతే. మోకాలి కింద నుంచి నీ కాలు పోయిందని నాకు ఆయన గుర్తు చేయాలా?

మా ఫ్యాక్టరీ గేటు దగ్గర కుర్రాడు అమ్మే కరపత్రాల్లో కొత్తది చదివాను. ఎవరి చెమటతో వచ్చింది వాళ్లదే అని స్పష్టంగా ఉంది అందులో. చదవడానికి టైమెక్కడిదంటావా? లైన్ మీద నా పక్కన ఓపల్ ఉంది కదా, అరగంట తన పనీ నా పనీ ఆవిడే చేస్తుంది, తర్వాత అరగంట నేను చేస్తాను. ఆ అరగంటలో పెట్టె మీద కూర్చుని చదువుకుంటాను. స్పార్క్ ప్లగ్గులు ఎవరు బిగించారో వాటికి తెలియదు. ఫోర్‌మన్‌కి తెలిస్తే మాత్రం ఇద్దరికీ మూడినట్టే.

నువ్వు ఒక్క ముక్క రాయి. మామయ్య మీద ఏం చర్య తీసుకోవాలో నేను చూసుకుంటాను.

పోరాటంలో నీ చెల్లెలు
జూనెట్టా

తా.క. అమ్మ పంపిన పీకన్ మిఠాయి నీ పక్క మంచం ఎస్పినోసాకి కూడా పెట్టు. అంతా నువ్వే మింగకు.

*

సైనిక ఆసుపత్రి, పెన్సిల్వేనియా
ఏప్రిల్ 17

విప్లవ నాయకురాలు జూనెట్టా గారికి,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత సిగ్గేసింది. ఆ అట్ట రాయమన్నది నేనే. ఫిబ్రవరిలో మామయ్యకి రాశాను, నీకూ అమ్మకీ చెప్పొద్దన్నాను. పాపం ఆ మనిషి మాట నిలబెట్టుకున్నందుకు నీ చేత తిట్లు తిన్నాడు.

కొత్త కాలు వచ్చింది. తోలు పట్టీలు, బకిల్సు, అంతా గుర్రానికి జీను కట్టినట్టు. చీలమండ వంగదు. పాదం నేలమీద ఉందో గాలిలో ఉందో వంగి చూసుకుంటే తప్ప తెలియదు. మిస్ బ్యూలా సంగతి నీకు తెలుసు కదా, క్లచ్చు ఎక్కడ పట్టుకుంటుందో పాదానికి తెలియాలి. తెలియకపోతే గుర్రం తన్నినట్టు ముందుకి దూకుతుంది. ఎస్పినోసాకి కుడిచెయ్యి లేదు, వాడు గేరు మార్చలేడు. నేను క్లచ్చు తొక్కలేను. మా ఇద్దరినీ కలిపి ఒక సీట్లో కూర్చోబెడితే సగం డ్రైవరు తయారవుతాడు.

ఫిలడెల్ఫియాలో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం ఒకటి ఉందట. గడియారాల మరమ్మతు. దానికి అప్లికేషన్ పెట్టాను. ఇంటికి ఇప్పట్లో రాను. చర్చి మెట్ల దగ్గర అందరూ నా ముఖం చూడకుండా నా పాంటు చూడటం నేను భరించలేను జూనీ.

అట్ట తిరిగి పెట్టు. మామయ్యకి సారీ చెప్పు.

మిఠాయి మూడొంతులు ఎస్పినోసాయే తిన్నాడు. ఒంటిచేత్తో కూడా దొంగే వాడు.

అన్నయ్య
వెండెల్

*

ఫ్లింట్
ఏప్రిల్ 23

అన్నయ్యా,

అట్ట పెట్టను. ముక్కలు చేసి పొయ్యిలో వేశాను. సారీ కూడా చెప్పను. అన్యాయపు ఉత్తర్వు ఎవరిచ్చినా దాన్ని అమలు చేసినవాడు దోషే. ఇచ్చినవాడివి నువ్వు కాబట్టి నువ్వూ దోషివే.

గడియారాలా? నువ్వా? చేతిగడియారానికి తాళం తిప్పబోయి దాని తల ఊడగొట్టిన మనిషివి!

నీ ఉత్తరం వచ్చిన రోజంతా ఆలోచించాను. మనిషి యంత్రానికి తగ్గట్టు వంగాలని ఎవరు చెప్పారు? యంత్రమే మనిషికి తగ్గట్టు వంగాలి. కాబట్టి నువ్వు మారక్కర్లేదు, క్లచ్చు మారుతుంది.

మిస్ బ్యూలాలో కూర్చుని ఎడమ పెడల్ చేత్తో నొక్కి చూశాను. మొదట రెండు వేళ్ల మేర ఊరికే దిగుతుంది, ఏ పనీ జరగదు. ఆ తర్వాతే బరువు తగులుతుంది. ఆ రెండు వేళ్ల వదులు దండగే కదా! రెండు కాళ్లున్నవాళ్లు పట్టించుకోరు. నీ కాలు మాత్రం ఒక్క అంగుళం కూడా ఊరికే కష్టపడటానికి వీల్లేదు. బండి కింద ఒక రాడ్డు, దాని చివర మరలు, బిగించే నట్టు ఉన్నాయి. రాడ్డు పొడవు పెంచితే ఆ వదులు పోతుందని మామయ్య దగ్గరున్న మరమ్మతు పుస్తకంలో బొమ్మ చూశాను. బొమ్మ కింద రాసింది చదివే ఓపిక లేకపోయింది. అర్థమైపోయింది కాబట్టి.

వచ్చే శనివారం నేనే చేస్తాను. మామయ్యని అడగను. ఈమధ్య సాయంత్రాలు షెడ్డు తలుపేసుకుని బండి కిందే ఉంటున్నాడు. ఏం చేస్తున్నాడో ఎవరికి తెలుసు?

నీ
జూనీ

*

ఆసుపత్రి
ఏప్రిల్ 29

జూనీ,

ఆ నట్టు ముట్టుకోకు!

ఆ రెండు వేళ్ల వదులు దండగ కాదే పిచ్చిదానా. కాలు తీసేశాక బేరింగు క్లచ్చుని తాకకుండా వెనక్కి జరిగి నిలబడే చోటది. ఆ చోటు లేకపోతే నువ్వు కాలు తీసినా ఎవరో పెడల్‌ని కొంచెం తొక్కిపట్టే ఉన్నట్టు. ప్లేటు పూర్తిగా కరుచుకోదు, జారుతుంది, కాలుతుంది.

ఇంకో సంగతి. నీ ఉత్తరం ఎస్పినోసా లాక్కుని వార్డంతా వినేలా చదివాడు. యంత్రమే వంగాలన్న చోట మంచాల మీదున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. మర్నాటికల్లా మంచం స్ప్రింగు, పలక, చీపురుకర్ర కలిపి ఒక పెడల్ తయారుచేసి నా ముందు పెట్టారు. ఇప్పుడు రోజూ అదే పని. నేను తొక్కుతాను, ఎస్పినోసా నోటితో ఇంజను చప్పుడు చేస్తాడు, నేను తప్పు చేస్తే ఇంజను చచ్చినట్టు ఆగిపోతాడు. నర్సు వచ్చి ఇద్దరినీ తిట్టింది. తర్వాత ఆవిడే పలక కింద దుప్పటి మడతపెట్టింది.

తెలిసిందేమిటంటే, పాదం లేకపోయినా తొడతో తొక్కగలను. కాలు వంగి ఉన్నప్పుడు తొడ వణుకుతుంది. కాలు దాదాపు చాచాక నిలకడగా పట్టగలను. అంటే నాలాంటివాడికి క్లచ్చు నేలకి దగ్గర్లో పట్టుకోవాలి. అంటే వదులు తగ్గకూడదు, ఇంకా పెరగాలి.

ఊరికే చెప్తున్నాను. నడుపుతానని కాదు.

వెండెల్

*

ఫ్లింట్
ఏప్రిల్ 30, ఆదివారం

అన్నయ్యా,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. ఇక్కడ ద్రోహం జరిగింది.

నిన్న నా పని నేను చేశాను. పెడల్ ముట్టుకోగానే బరువు తగిలేలా చేశాను, జానెడంత గర్వపడ్డాను. అమ్మని ఎక్కించుకుని ఇవాళ చర్చికి బయల్దేరాను. ఆకుపచ్చ టోపీ పెట్టుకుని అమ్మ రాణిలా కూర్చుంది. చర్చి ముందు మిట్ట ఎక్కుతుంటే ఇంజను అరుస్తోంది గాని బండి కదలదు. ఇంకా తొక్కాను. ఇంకా అరిచింది. కాలిన వాసన! పొగ!

"జూనెట్టా, ఇది నరకం నుంచి వచ్చే వాసనలా ఉందే" అంది అమ్మ, టోపీ పట్టుకుని.

డీకన్ పర్వీస్ గారు భోజనాల కోసం కలిపిన నిమ్మకాయ నీళ్ల జగ్గు పరుగున తెచ్చి బానెట్ మీద గుమ్మరించారు. అసలు బ్యూలా టీచరమ్మ మెట్ల మీద నిలబడి, "ఈ బండికి నా పేరు పెట్టారట, నిజమేనా?" అని అడిగింది. ఎవరు చెప్పారో! 

మామయ్య వచ్చి వంగి వాసన చూసి, "ఎవరు ముట్టుకున్నారే దీన్ని?" అన్నాడు. ఎంత అమాయకంగా అడిగాడో! రోజూ సాయంత్రాలు బండి కింద పడుకునేది ఆయన కాదా? నా కోపం ఆగలేదు. పాస్టరు గారి ముందు, కోడివేపుడు పళ్లాలు పట్టుకున్న వాళ్లందరి ముందు అడిగేశాను. "అమ్మలేకపోయావని చెడగొట్టావా మామయ్యా? నువ్వు ద్రోహివి!" అన్నాను. ఆయన పళ్లెం బల్లమీద పెట్టి నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోయాడు. పళ్లెంలో కోడి అలాగే ఉంది.

అమ్మ నాతో మాట్లాడటం లేదు.

జూనీ

*

ఆసుపత్రి
మే 8

జూనీ,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. ఈపాటికి నాది చదివే ఉంటావు. కాబట్టి ఎవరు కాల్చారో నీకు తెలుసు.

నిమ్మకాయ నీళ్ల దగ్గర వార్డంతా పడిపడి నవ్వాం. కోడి పళ్లెం దగ్గరికి వచ్చేసరికి ఎస్పినోసా చదవడం ఆపేశాడు. నాన్న పోయిన ఏడాది మనకి చలిబూట్లు ఎవరు కొన్నారో మర్చిపోయావా? నీకు గేరు మార్చడం నేర్పింది ఎవరు? నీ కరపత్రాల్లో అలాంటివాళ్లని ఏమంటారో నాకు తెలియదు. మన ఇంట్లో మామయ్య అంటారు.

ఇక బండి సంగతి. ప్లేటు కాలిపోయింది. మంచిదే. నాలుగు రోజులు ఆ చీపురుకర్ర పెడల్ తొక్కి పిచ్చి ఆశ పెట్టుకున్నాను, దాని తిక్క కుదిరింది. గడియారాల వాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. జూలైలో చేరమన్నారు. జూన్ మధ్యలోగా జవాబివ్వాలి.

మామయ్య దగ్గరికి వెళ్లు. నా కోసం కాదు.

వెండెల్

*

ఫ్లింట్
మే 21, ఆదివారం

అన్నయ్యా,

ఆ జవాబు ఇవ్వకు. ముందు ఇది చదువు. తిట్టుకుంటూనైనా సరే, చివరిదాకా చదువు.

వెళ్లాను. షెడ్డు బయట చాలాసేపు నిలబడ్డాను.  ఏప్రిల్లో నువ్వు చెప్పమన్న సారీ, ఇప్పుడు నా బుద్ధి చెప్పమన్న సారీ రెండూ కలిపి ఒకేసారి చెప్పేశాను. మామయ్య పళ్లు బయటపెట్టకుండా నవ్వాడు. "ద్రోహిని కదా, స్పానర్ అందుకో" అన్నాడు.

షెడ్డులో ఏం చూశానో చెప్తాను. గోడకి ఆనించి రెండు చెక్కలు, తోలు పట్టీలు. ఈ రెండు నెలలూ మామయ్య చేస్తున్న రహస్యం ఇదే. ఎడమకాలికి అటూ ఇటూ చెక్కలు కట్టుకుని, చీలమండ వంగకుండా బిగించుకుని, తలుపులు వేసుకుని మిస్ బ్యూలాని షెడ్డులో ముందుకి వెనక్కి నడుపుతున్నాడట! నీ కాలుతో ఎలా ఉంటుందో చూడాలని. ఎన్నిసార్లు ఆగిపోయిందో లెక్కలేదన్నాడు. ఒకసారి వెనక గోడకి తగిలించాడు కూడా. గీత చూపించాడు.

పాదం పక్కకి జారిపోతోందని పెడల్‌కి వెడల్పాటి ఇనుపరేకు అతికించాడు, రెండు అంచులూ పైకి మడిచి. చిన్న ట్రేలా ఉంది. నేను ద్రోహమనుకున్న పని అది.

"మరి ఆ అట్ట ఎందుకు పెట్టావు మామయ్యా?" అన్నాను.

"వాడు పెట్టమన్నాడు. మాటిచ్చాను."

"గోడవైపు పెట్టావే?"

"ఎటువైపు పెట్టాలో వాడు చెప్పలేదు."

నాకు ఏడుపొచ్చింది. "నీ కళ్లనీళ్లు క్లచ్చు మీద పడితే అదీ జారుతుంది, అవతలికి పో" అన్నాడు.

వారం రోజుల సాయంత్రాలు పట్టింది. గేరుపెట్టె దింపి కాలిన ప్లేటు తీశాం. అద్దంలా మెరుస్తోంది, అంచులు నల్లగా. అది నా నిర్వాకం కాబట్టి నా మంచం తల దగ్గర మేకుకి తగిలించుకున్నాను. వేరే ప్లేటు మామయ్య దగ్గరుంటే అది బిగించాం, మంచిదే. వదులు దగ్గరికి వచ్చేసరికి నేను మళ్లీ అడ్డుపడ్డాను. ఇంత వదులెందుకు, పని చేయని చోటు పని చేసే చోటుకి ఏం సాయం అని వాదించాను.

"మీ లైన్ మీద ఓపల్ నీకు అరగంట ఇస్తుందన్నావు కదా" అన్నాడు మామయ్య బండి కింద నుంచి. "ఆ అరగంట ఫోర్‌మన్ లాగేసుకుంటే ఏమవుతుంది?"

"లైన్ తగలబడుతుంది" అన్నాను.

"ఊఁ. లైటు ఇటు పట్టు."

క్లచ్చు నేలకి దగ్గర్లో పట్టుకోవాలని రాశావు కదా. రాడ్డు పొడవు తగ్గించుకుంటూ వచ్చాం. మామయ్య చెక్కలు కట్టుకుని కూర్చోవడం, నేను కింద నట్టు తిప్పడం. రెండు వేళ్ల వదులు దగ్గర ఆయన తొడ వణికింది. నాలుగు వేళ్ల దగ్గర మొదటి గేరు పళ్లు నూరింది, క్లచ్చు పూర్తిగా విడవడం లేదన్నమాట. మూడు వేళ్ల దగ్గర మిస్ బ్యూలా ఎవరో భుజం మీద చెయ్యేసి నడిపించినట్టు మెల్లగా కదిలింది. మామయ్య దిగి చెక్కలు విప్పి నా చేతికిచ్చి నట్టు నన్నే బిగించమన్నాడు. బిగించాను.

మూడు వేళ్లంటే నా వేళ్లు. నీ చెల్లెలి ఎడమచేతి వేళ్లు. ఇది ప్రపంచంలో ఇంకెవరి బండికీ పనికిరాని క్లచ్చు.

గడియారాలకి జవాబివ్వకు.

జూనీ

*

ఆసుపత్రి
జూన్ 1

జూనీ,

నీ ఉత్తరం ఈసారి ఎస్పినోసాకి ఇవ్వలేదు. రెండుసార్లు నేనే చదువుకున్నాను. మామయ్య చెక్కలు కట్టుకుని షెడ్డులో...

వాళ్లకి ఇంకా జవాబివ్వలేదు. తొమ్మిదో తారీకు శుక్రవారం బస్సెక్కి వస్తాను, రాత్రికి దిగుతాను. వారం రోజులే. తర్వాత ఏమిటన్నది నన్ను ఇప్పుడు అడగొద్దు.

ఒక్కటే అడుగుతున్నాను. నీ సంగతి నాకు తెలుసు. ఊరంతా పోగుచేసి జెండా పట్టుకుని నిలబడతావు. వద్దు. అమ్మకీ మామయ్యకీ తప్ప నేను వస్తున్నట్టు ఎవరికీ చెప్పకు. బండి నా కింద ఆగిపోతుంది, అది ఖాయం. ఎన్నిసార్లో తెలియదు. అది చూసి డీకన్ గారు నిమ్మకాయ నీళ్లతో పరిగెత్తుకు రావడం నాకిష్టం లేదు.

ఎస్పినోసా చీపురుకర్ర పెడల్‌ని జ్ఞాపకంగా ఇచ్చాడు. బస్సులో పట్టదు. అయినా తెస్తున్నాను.

వెండెల్

*

ఫ్లింట్
జూన్ 5

అన్నయ్యా,

నీ ఉత్తరం రావడానికి ముందురోజే, నువ్వు ఎలాగూ వస్తావన్న నమ్మకంతో కరపత్రం రాసి చర్చి యంత్రం మీద నలభై కాపీలు తీయించాను. అసలు బ్యూలా టీచరమ్మే చక్రం తిప్పింది. బండికి తన పేరు పెట్టినందుకు ఆవిడకి కోపం లేదట, ముందు సీటు కావాలట. నీ రాక, నీ బండి, ఎవరెవరు ఎక్కడ నిలబడాలి, ఏ పాట పాడాలి, అన్నీ ఉన్నాయి అందులో. నా జీవితంలో రాసిన వాటిలో బాగా వచ్చిన కరపత్రం.

నీ ఉత్తరం చదివాక వాటిని బయటికి తీయలేదు. మొదట కోపం వచ్చింది, ఒప్పుకుంటాను. తర్వాత మంచం దగ్గర వేలాడుతున్న ఆ కాలిన ప్లేటు చూశాను. వెనకవైపు ఖాళీయే కదా అని అమ్మ వాటి మీద సరుకులు రాసుకుంటోంది. ఇంకో ఏడాదికి సరిపోతాయంటోంది. టీచరమ్మకి ముందు సీటు తర్వాతెప్పుడైనా అని చెప్పాను. గుర్రుమంది. ఒప్పుకుంది.

కాని పిలుపు లేకుండా నేను ఉండలేను, నీకు తెలుసు. అందుకని ఇంకోటి రాశాను. ఒక్కటే కాపీ. చదివేవాడివీ నువ్వొక్కడివే.

ఈ శనివారం, జూన్ పదో తారీకు, ఉదయం ఆరు గంటలకి మా ఫ్యాక్టరీ రెండో గేటు ఎదుటి పార్కింగ్ మైదానంలో సమావేశం. శనివారం షిఫ్టు లేదు, ఫోర్‌మన్ లేడు, నేల మీద తెల్ల గీతలు తప్ప గుద్దుకోవడానికి ఏమీ లేవు. హాజరయ్యేవాళ్లు నువ్వు, నేను, మిస్ బ్యూలా. మామయ్య రోడ్డవతల అంగట్లో మనకి వీపు పెట్టి కాఫీ తాగుతానని మాటిచ్చాడు. ఎటువైపు తిరగాలో ఈసారి నేను స్పష్టంగా చెప్పాను. చర్చించే అంశం మొదటి గేరు. ఆగిపోతే మళ్లీ మొదటి గేరు. ఎన్నిసార్లయినా సరే, నేను లెక్కపెట్టను, మాట్లాడను, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాను.

తాళం బండికే ఉంటుంది. ఎడమ తలుపు తెరిచి ఉంచుతాను.

శనివారం, ఉదయం ఆరు గంటలకి. రా.